రోడ్డుకు ఇటొక పేరు, అటొక పేరు

పోయిన నెలలో జమ్మలమడుగు నుంచి ఒక కుర్ర విలేకరి నా ఫోనుకు ఒక ఫొటో పంపాడు. రోడ్డు వెడల్పు చేసే పనిలో పీకి పక్కన పడేసిన రెండు ఇనుప బోర్డులు. కంకర కుప్ప మీద ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కింద ఇలా అడిగాడు: ‘సార్, ఒకే కాలనీకి రెండు పేర్లతో రెండు బస్టాపు బోర్డులు ఎందుకున్నాయి? ఇందులో ఏది తప్పు?’

రెండూ తప్పు కాదని జవాబిచ్చాను. ఎందుకు కాదో చెప్పాలంటే ఒక మనిషి గురించి చెప్పాలి. అది ఫోనులో వేలితో కొట్టి పంపేంత చిన్న సంగతి కాదు. రేపు మాట్లాడతానని అతనికి చెప్పి ఇది రాయడానికి కూర్చున్నాను.

గండికోట రిజర్వాయరు నిండినప్పుడు మునిగిన ఊళ్లలో పక్కపక్కనే ఉండిన రెండు ఊళ్ల సంగతి ఇది. వాటి పేర్లు ఇక్కడ రాయను. రాస్తే ఏది ముందు రాశానన్నది చర్చకు వస్తుంది. రెండు వైపుల నుంచీ ఫోన్లు వస్తాయి. ఏటికి ఎగువన ఉన్నదాన్ని పై ఊరు అంటాను, రెండోదాన్ని దిగువూరు అంటాను. రెండు ఊళ్లవాళ్లనూ తెచ్చి కొండాపురం దారిలో మెయిన్ రోడ్డు పక్కన ఒకే పునరావాస కాలనీలో పెట్టారు. కాలనీ నడుమ సిమెంటు రోడ్డు. దానికి ఎడమ పక్క పై ఊరు, కుడి పక్క దిగువూరు. ఊళ్లు మునిగాయి గానీ వాటి మధ్య తగాదా మునగలేదు. అది ఎవరి తాతల కాలంలో, దేని మీద మొదలైందని అడిగితే పది మంది పది రకాలుగా చెబుతారు. ఒక ఊరి మనిషి రెండో ఊరి పేరు నోటితో అనడు. ‘ఆ పక్కోళ్లు’ అంటాడు. ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు, చర్చి వీధుల్లో తప్ప. రెండు ఊళ్లలోనూ చివరన ఉండే చర్చి వీధులవాళ్లు సంబంధాలు చూసుకునేటప్పుడు పెద్దవీధుల తగాదాను ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

మెయిన్ రోడ్డు మీద బస్సు ఆగాలంటే స్టేజీ ఉండాలి. స్టేజీకి పేరు ఉండాలి. పాత స్టేజీలు రెండూ నీళ్ల కింద ఉన్నాయి. ఏదో ఒక పేరు అందరూ కలిసి రాసివ్వండి, ఆపుతామని డిపోవాళ్లు చెప్పారు. కథ అక్కడే ఆగింది. పై ఊరి పెద్దలు తమ పేరే ఉండాలన్నారు. దిగువూరి పెద్దలూ అదే అన్నారు. మునిగిన ఊరికి మిగిలింది ఆ పేరొక్కటే. ఇల్లు, చేను, సమాధులు నీళ్లలో వదిలి వచ్చిన మనిషిని ఆ పేరు కూడా వదులుకోమని చెప్పడం ఎవరికీ చేతకాలేదు. బస్సులు కాలనీ ముందర దుమ్ము లేపుకుంటూ పోయేవి. జమ్మలమడుగులో చదివే మగపిల్లలు ఎవరి బండి వెనకనో ఎక్కి పోయేవాళ్లు. ఆడపిల్లలు మూడు కిలోమీటర్లు నడిచి క్రాస్ రోడ్డు దగ్గర బస్సు ఎక్కేవాళ్లు. మొదటి ఏడు పదకొండు మంది నడిచారు. మూడో ఏటికి నలుగురు మిగిలారు.

ఆ నలుగురిలో ఒకతె, నేను చెప్పాలన్న మనిషి. చర్చి వీధి పిల్ల. డిగ్రీ ఆఖరి సంవత్సరం. తండ్రిది తాపీ పని.

నేను మొదట ఆమెను చూసింది జమ్మలమడుగులో, సోమవారం అర్జీలు తీసుకునే చోట. పొట్టి మనిషి. జడ మొదట్లో అడ్డంగా ఒక బాల్ పెన్ను గుచ్చి ఉండేది. రాయడానికి తీసినప్పుడల్లా జడ సగం ఊడిపోయేది. రాసి, జడ బిగించి, మళ్లీ గుచ్చేది. మాట్లాడేటప్పుడు ఒంటి కాలి మీద నిలబడి రెండో పాదాన్ని పిక్కకు ఆనించుకునేది. రోజుకు ఆరు కిలోమీటర్లు నడిచే కాళ్లు కదా, వంతులవారీగా విశ్రాంతి ఇస్తోందేమో అనుకునేవాణ్ణి. ఆ రోజు ఆమె చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో అంతకు ముందు ఇచ్చిన అర్జీల జిరాక్సులు ఉన్నాయి. టేబుల్ వెనక కూర్చున్న ఉద్యోగి చదవకుండానే మొదలుపెట్టాడు.

“మల్లా వస్తివా? రెండు పేర్లు పెట్టేదానికి గాదమ్మా. పేరు లేకుండా ఆపేదానికీ గాదు. కొత్త పేరు పెట్టల్లంటే మీ కాలనీ అంతా ఒక మాట మీదికి రావల్ల. అది మీకు అయ్యేది గాదు.”

ఆమె అంతా విని తలూపింది.

“కానివన్నీ ఇన్నాం సార్. అయ్యేది ఒకటి చెప్పండి.”

వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. ఎత్తిపొడవడానికి అన్న మాట కాదది. జవాబు కోసం నిజంగానే నిలబడింది. ఆ ఉద్యోగి ఫైలు తిప్పాడు, ఫ్యాను వైపు చూశాడు, చివరికి “కూర్చోమ్మా, చూద్దాం” అన్నాడు. అంతకు ముందు వచ్చినప్పుడు ఎన్నడూ ఆమెను కూర్చోమని అనలేదట. ఆ తర్వాత అదే మాట ఆమె నోట ఎంతమందికి వినిపించిందో. కాలేజీ ప్రిన్సిపాలుకు, సిమెంటు రోడ్డు కాంట్రాక్టరుకు, కన్నతండ్రికి, నాకు.

ఇంకో అలవాటు ఉండేది. కాలనీలో పెద్దవాళ్లలో మగవాళ్లందరినీ మామా అని పిలిచేది. మా వైపు అది మామూలు పిలుపే. కానీ చర్చి వీధి పిల్ల పెద్దవీధి ఆసామిని మామా అనడం మామూలు కాదు. పై ఊరికి పెద్ద తల అనదగిన ముసలాయన ఒకడు ఉండేవాడు. ఊరి పేరు విషయంలో అందరికంటే గట్టిగా పట్టుబట్టింది ఆయనే. ఒకసారి కాలనీ అరుగు మీద నేను ఆయనతో మాట్లాడుతుండగా ఈ పిల్ల వచ్చింది.

“మామా, బస్సు సంగతి ఏం జేస్తిరి?”

“ఎవురికి మే మామ? నీకూ నాకూ ఏం వరస?”

“వరస లేకుంటే కలుపుకుందాం మామా. మామ వద్దంటే అబ్బా అంటా. అబ్బా అంటే మల్లా ముసిలోడివైపోతావు, నీ ఇష్టం.”

మా వైపు అబ్బ అంటే తాత. అరుగు మీద నలుగురూ పైపంచెలు అడ్డం పెట్టుకుని నవ్వారు. ముసలాయన మీసం కింద ఏదో కదిలింది.

“నోరు శానా ఉండాది నీకు.”

“ఉండాది గాబట్టే అడుగుతాండా. లేనోళ్లు ఏడు మంది ఇంట్లో కూచున్యారు.”

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ ఏడుగురిలో ఆయన మనవరాలు కూడా ఉంది.

ఈ పిల్ల మీద వార్త రాయాలని నాకు అప్పుడే అనిపించింది. రాశాను. అక్కడే తప్పు చేశాను.

బస్సు ఆగదు కాబట్టి చదువు సాగదన్న అర్థం వచ్చేలా శీర్షిక, మూడు కాలమ్‌ల వార్త, ఆమె ఫొటో. ‘పై ఊరికి చెందిన డిగ్రీ విద్యార్థిని’ అని మొదలుపెట్టి పేరు రాశాను. ‘ఫలానా గ్రామానికి చెందిన’ అన్నది మా చేతులకు అలవాటైపోయిన మాట. మనిషికి ఒక ఊరు తగిలించకుండా మాకు వాక్యం నడవదు. రేషన్ కార్డులో తండ్రి ఊరు చూశాను, రాసేశాను. ప్రొద్దుటూరు డెస్కులో కూడా ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. వార్త బాగుందని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు కూడా.

ఆదివారం నాడు ఆమె ప్రొద్దుటూరు వచ్చింది. ఆఫీసులో నా ఎదురు కుర్చీలో కూర్చుని సంచిలోంచి ఆ పేపరు తీసి టేబుల్ మీద పరిచింది. నేను పొగడ్త కోసం ఎదురుచూస్తున్నాను.

“రాసిందాంట్లో అబద్ధం లేదు సార్,” అంది.

“మరి?”

“మా నాయనది పై ఊరు. మా యమ్మది దిగువూరు. మీరు ఒకటే రాస్తిరి.”

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె విడమరచి చెప్పింది. గొంతు పెంచలేదు.

“ఏ ఊరిదానివి మే అని ఎవురూ అడక్కుండా చేసుకునేదానికి నాకు రెండేండ్లు పట్టె. అందుకే గదా సార్ రెండు పక్కలా నన్ను గడప లోపలికి రానిచ్చేది. దిగువూరి పిల్లోళ్లు నాతో కలిసి అర్జీ మీద సంతకాలు పెట్టింది అందుకే. ఇప్పుడు వాళ్లేమంటాండారు? ఓహో, ఇదంతా పై ఊరోళ్ల పని, పిల్లను ముందర పెట్టి ఆడిస్తాండారు అని. పై ఊరోళ్లు ఇంకా అన్యాయం. మా పిల్ల మా పిల్ల అని నెత్తికెత్తుకుంటాండారు. ‘చర్చి వీధి వాళ్లకు మన ఊరి పేరు ఎందుకు’ అన్యోళ్లే.”

“మీ నాన్న?”

“బేల్దారి పనికాడ అందరూ అంటాండారంట, నీ కూతురు పేపర్లో లీడరయ్యె గదప్పా అని. ఈ నెలాఖరుదాంక చూస్తా, బస్సు నిలబడితే పో, లేదంటే ఇంట్లో ఉండు అన్యాడు.”

అంటే ఇంక ఇరవై రోజులు. ఆఖరి సంవత్సరం పరీక్షలకు నాలుగు నెలలుంది. ఆమె ఆగిపోతే మిగిలిన ముగ్గురినీ ఒంటరిగా ఆ రోడ్డు మీదికి ఎవరూ పంపరు. మూడు కాలమ్‌ల వార్తతో నేను చేసింది అదీ.

సవరణ వేయిస్తానన్నాను.

“సవరణ ఎవురు సదువుతారు సార్? నేనే ఎప్పుడూ సదవలేదు.”

“అయితే నువ్వే చెప్పు. అయ్యేది ఏంది?”

జడలోంచి పెన్ను తీసింది. నా వార్త పక్కన ఖాళీ అంచులో ‘6.15’ అని రాసింది.

“రేపు పొద్దన్నే ఆరుంబావుకు రాండి. మాతో నడవండి. రాసేదానికి గాదు, ఊరికే నడవండి. సాయంత్రం గూడా మాతోనే రావల్ల. సగం చూసి పోవద్దండి. ఇంగ నా పేరు ఎప్పుడూ రాయొద్దండి.”

ఆ మాట ఈరోజు వరకూ తప్పలేదు.

మరునాడు నడిచాను. నలుగురు ఆడపిల్లలు, నేను. సిమెంటు లారీలు పక్క నుంచి పోయినప్పుడల్లా నలుగురూ ఒకేసారి చున్నీలు ముఖానికి అడ్డం పెట్టుకుని, మాట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ అందుకునేవాళ్లు. ఎకనామిక్స్ సారు ఎలా తుమ్ముతాడో ఒకామె చేసి చూపించింది. నేను వెనకబడితే “సార్‌కు ఒక స్టాపు పెట్టియ్యల్ల మే ఈడ” అని నవ్వుకున్నారు. వాళ్ల మధ్య నడుస్తున్నంత సేపూ నాకు అది కష్టాల వార్తలా అనిపించలేదు. క్రాస్ రోడ్డు చేరి, బస్సులో చోటు లేక వాళ్లు మెట్ల మీద వేలాడినప్పుడు అనిపించింది.

సాయంత్రం తిరుగు బస్సు మమ్మల్ని క్రాస్ రోడ్డులో దించింది. పొద్దున ఎక్కింది టైర్ల షాపు ముందు. ఇప్పుడు దిగింది రోడ్డుకు అటు పక్క, టీ కొట్టు ముందు. అందరం రోడ్డు దాటబోతున్నాం. ఆమె రోడ్డు మధ్యలో ఆగిపోయింది. లారీవాడు హారన్ కొట్టి ఏదో తిట్టిపోయాడు.

“సార్, ఇది ఒక స్టాపా, రెండా?”

“ఒకటే కదా.”

“ఒకటైతే పొద్దన్న ఆడ నిలబడి, సాయంత్రం ఈడ ఎందుకు దిగితిమి?”

పోయేటప్పుడు ఇటు, వచ్చేటప్పుడు అటు అన్నాను. అది చెప్పాల్సిన సంగతి కూడా కాదు. నేను ఇన్నేళ్లుగా బస్సుల్లో తిరుగుతున్నాను. ఏ స్టాపుకైనా రెండు పక్కలుంటాయి. చూడనిది నేనే. ఆమె అప్పటికే జడలోంచి పెన్ను లాగి అరచేతి మీద ఒక గీత గీసి, గీతకు ఆ పక్క ఒక పేరు, ఈ పక్క ఒక పేరు రాస్తోంది.

మర్నాడు డిపో మేనేజరు ముందు అదే అరచెయ్యి చాపింది. వెంట దిగువూరి నుంచి ఒక యువకుడు వచ్చాడు. వాళ్ల నాన్న కువైట్‌లో ఉంటాడు, ఇతను కాలనీలో వెల్డింగ్ షాపు నడుపుతాడు. నా వార్త తర్వాత ఆమెతో మాట్లాడటం మానేసిన వాళ్లలో ఇతనూ ఒకడు. రాత్రికి రాత్రి ఎలా ఒప్పించావని అడిగితే, “ఒప్పించలేదు సార్. బోర్డు చెయ్యల్ల, నీకు రాదులే అంటి. వచ్చె” అంది.

మేనేజరు మంచివాడు. ఓపిగ్గా విన్నాడు.

“ఒకే చోటికి రెండు పేర్లు యాడుండాయమ్మా?”

“ఒకే చోటు గాదు సార్. రోడ్డుకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. జమ్మలమడుగు పోయే పక్క పై ఊరు. తాడిపత్రి పోయే పక్క దిగువూరు. చార్జీ ఒకటే, దూరం ఒకటే.”

“అట్ల యాడా లేదు.”

“లేనిది ఇన్నాం సార్...”

మిగతాది చెప్పనివ్వకుండా ఆయన నవ్వేశాడు. “మీ పెద్దోళ్ల సంతకాలు తెండి. టికెట్ల మిషన్‌లో ఎక్కించమని పైకి రాస్తా.”

పెద్దలు ఒప్పుకోలేదు. లెక్క వాళ్లకు వెంటనే అర్థమైంది. జమ్మలమడుగు నుంచి ఇంటికి వచ్చే ప్రతి మనిషీ కండక్టరుకు దిగువూరి పేరు చెప్పాలి. తాడిపత్రి నుంచి వచ్చే ప్రతి మనిషీ పై ఊరి పేరు చెప్పాలి. చెప్పనిదే టికెట్ రాదు. “బోర్డు పెడితే పెట్టుకోండి గానీ నా నోట్లోంచి ఆ పేరు రాదు,” అన్నాడు పై ఊరి ముసలాయన. దిగువూరి అరుగు మీద కూడా అక్షరం తేడా లేకుండా అదే మాట.

తర్వాత జరిగింది ఆ కాలనీలోనే జరగగలదు. పింఛను, రేషను, చేను కాగితాలు, ఏదైనా ఇప్పుడు ఫోనులోనే కదా. పెద్దవాళ్ల ఫోన్లలో ఆ ఫారాలు నింపేది ఈ పిల్లలే. అప్పటిదాకా ‘ఊరు’ అన్న గడి దగ్గర ఏదో ఒకటి కొట్టి, ఎలాగోలా నెట్టుకొచ్చేవాళ్లు. ఇప్పుడు రెండు పక్కల పిల్లలూ కూడబలుక్కుని, ఆ గడి దగ్గర ఆగి పెద్దవాళ్లను అడగడం మొదలుపెట్టారు.

“ఊరు అని అడుగుతాంది చిన్నాయనా. ఏమని కొట్టల్ల?”

“మన ఊరే కొట్టు రా.”

“తీసుకోదు. మునిగిపోయిందంట.”

“అయితే కాలనీ అని కొట్టు.”

“కాలనీ పేరేంది అంటాంది.”

పిల్లవాడు ఫోను వాపసు ఇచ్చేవాడు. పేరు తేలినాక చెప్పండి, ఒక్క నిమిషంలో నింపుతాం అనేవాడు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు, ఎవరినీ నిలదీయలేదు. ఇంటింటా అదే ప్రశ్న, అంతే మర్యాదగా. మందుల చీటీలు, ఆసుపత్రి కార్డులు మాత్రం ఆపకూడదని ఆమె గట్టిగా చెప్పింది. ఒక పిల్లవాడు మర్చిపోయి ఆసుపత్రి కార్డు కూడా ఆపితే వాళ్లింటికి పోయి, తనే నింపి, వాణ్ణి నాలుగు తిట్టి వచ్చింది.

పన్నెండో రోజున రెండు అరుగుల మీదా సంతకాలు పడ్డాయి. నెలాఖరుకు మూడు రోజుల ముందు, డిపో ఆర్డరు రాకముందే, వెల్డింగ్ యువకుడు రెండు బోర్డులు చేసి పెట్టాడు. మునిగిన ఇళ్ల నుంచి ఎవరో తెచ్చుకుని వాడకుండా పెట్టిన ఇనుప గేట్ల చట్రాలు కోసి చేశాడు. ఒక బోర్డు ఇనుము పై ఊరి గేటుది, రెండోదాని ఇనుము దిగువూరి గేటుది. ఏ ఇనుము మీద ఏ పేరు రాశాడని అడిగితే అతను చెప్పడు. ఇప్పటికీ చెప్పలేదు.

బస్సు ఆగింది. నెలాఖరు లోపలే ఆర్డరు వచ్చింది. మరునాడు పొద్దున వాళ్ల నాయన కూతురి చెప్పులకు కొత్త వార్లు వేయించి గుమ్మంలో పెట్టాడట. మానేసిన ఏడుగురిలో ముగ్గురు మళ్లీ చేరారు. ముసలాయన మనవరాలు వాళ్లలో ఒకతె.

రెండేళ్ల కిందట పులివెందుల బస్టాండులో ఆమె కనబడింది. అక్కడ ఒక ఆడపిల్లల హాస్టలులో వార్డెను. జడ పోయి ముడి వచ్చింది. ముడిలో పెన్ను మాత్రం ఉంది. ఫోనులో ఎవరితోనో వేడినీళ్ల గురించి మాట్లాడుతోంది. “కానివి ఇన్నానప్పా, అయ్యేది చెప్పు” అన్నది వినబడి, ముఖం చూడకముందే గుర్తుపట్టాను. పలకరింపులయ్యాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది.

“ఇప్పుడు గూడా ఫలానా గ్రామానికి చెందిన అని రాస్తాండారా సార్?”

“అడిగి రాస్తున్నా.”

“ఏమని అడుగుతారు?”

“నీది ఏ ఊరని అడగను. నీ గురించి ఏమని రాయమంటావని అడుగుతా.”

లెక్క సరిచేసుకున్న పిల్లవాణ్ణి చూసినట్టు చూసి తలూపింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను రాసిన ప్రతి వార్తలోనూ ఆ తలూపు ఉంది. నా చేతికింద పనిచేసిన వాళ్లందరికీ అదే చెప్పాను. ఎవరు నేర్పారో మాత్రం చెప్పలేదు. వయసులో నా కూతురికంటే చిన్నది. నేర్చుకోవడానికి నాకు అది అడ్డు రాలేదు. ఆమె అడ్డు రానివ్వలేదు అనడం ఇంకా సరైన మాట.

అయితే ఫొటో చూడగానే నాకు గుర్తొచ్చింది అర్జీ కాదు, అరచెయ్యి కాదు. బోర్డులు పెట్టిన మూడు వారాలకు జరిగిన సంగతి. ఆమె ఫోన్ చేసింది. “బోర్డు పెట్టినాక గూడా ఒకసారి రావల్ల సార్. మీరు గొడవ అయిపోతానే పోతారు,” అంది. వెళ్లాను. సాయంత్రం జమ్మలమడుగులో వాళ్ల బస్సు ఎక్కాను. అంతకు ముందు రెండు రోజులు జరిగింది మిగతా పిల్లలు నా చెవిలో చెప్పారు.

పై ఊరి ముసలాయనకు కంటికి ఆపరేషన్ అయింది. వరుసగా మూడు రోజులు జమ్మలమడుగు ఆసుపత్రికి వచ్చి చూపించుకోవాలి. తోడు రావాల్సిన కొడుకు పని మీద ఎక్కడో ఉన్నాడు. మొదటి రోజు పిల్లలు ఎక్కిన తిరుగు బస్సులోనే కండక్టరు యాడికని అడిగితే ఆయన ‘క్రాస్ రోడ్డు’ అన్నాడు. ఇంటికి మూడు కిలోమీటర్లు ముందే దిగాడు, ఆ పేరు పలకడం ఇష్టం లేక. ఒక కంటికి పచ్చగుడ్డ, రెండో కంటికి సరిగా ఆనదు. ఆమె కూడా వెనకే దిగింది.

“నువ్వేంటికి దిగితివి మే?”

“నాకు నడక అలవాటు మామా. బస్సులో కూచుంటే కాళ్లు గుంజుతాండాయి.”

లారీలు పోయే వైపు తను నడిచి, ఆయన మందుల సంచి పట్టుకుని ఇంటిదాకా వచ్చింది. దారిలో ఊరి పేరు ఎత్తలేదు, బస్సు మాట ఎత్తలేదు. రెండో రోజు ఆయన మళ్లీ క్రాస్ రోడ్డు అన్నాడు. ఆమె దిగింది. ఆమె వెనక ఆయన మనవరాలు దిగింది. ఆ వెనక మిగతా ఆడపిల్లలు, వెల్డింగ్ యువకుడు, ఇంకా ఇద్దరు దిగువూరి కుర్రాళ్లు దిగారు. పోరాడి తెచ్చుకున్న బస్సు ఖాళీగా ముందుకు పోయింది. అందరూ ముసలాయన నడకకు తగ్గట్టు మెల్లగా నడిచారు.

నేను ఎక్కింది మూడో రోజు బస్సు. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆమె రెండు వరుసల వెనక, ఒళ్లో పుస్తకాలు. కండక్టరు మిషన్ పట్టుకుని వచ్చాడు. బస్సు ఇంకా ఊరు దాటలేదు.

“యాడికి పెద్దాయనా?”

ఆయన వెనక్కు తిరిగి గుడ్డ కట్టని కన్నుతో చూశాడు. పిల్లలు ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. ఒకరు కిటికీ వైపు, ఒకరు ఫోను వైపు. మనవరాలు మాత్రం కాళ్ల కింద పెట్టిన సంచి ఎత్తి ఒళ్లో పెట్టుకుంది, క్రాస్ రోడ్డులో దిగడానికి. ఆయన ముందుకు తిరిగాడు. తర్వాత గొంతులో ఏదో అన్నాడు.

“ఏందీ? ఇనపల్లా,” అన్నాడు కండక్టరు.

ఆయనకు కోపం వచ్చింది. దిగువూరి పేరు బస్సంతా అదిరేలా అరిచాడు. “చెవుడా నీకు? అదే! ఒకటియ్యి!”

ముందు సీట్లో దిగువూరి ముసలావిడ ఒకామె మెల్లగా వెనక్కు తిరిగింది.

“మా ఊరి పేరు నీ నోట్లో ఇంత బాగుంటదని నాకు తెల్దు గదప్పా.”

“రేపు తాడిపత్రికి పోయిరా,” అన్నాడు ముసలాయన టికెట్ మడిచి జేబులో పెట్టుకుంటూ. “మా ఊరి పేరు నీ నోట్లో ఎట్లుంటదో అదీ ఇందాం.”

డ్రైవరుతో సహా అందరూ నవ్వారు. నేను వెనక్కు తిరిగి చూశాను, ఆమె ఏమంటుందో విందామని. తల కిటికీకి ఆనించి నిద్రపోతోంది. పుస్తకాలు జారిపోకుండా మనవరాలు ఒక చెయ్యి అడ్డం పెట్టింది. రెండేళ్లు నడిచిన అలసట అంతా ఆ కాసేపట్లోనే తీర్చుకుంటున్నట్టుగా పడుకుంది. క్రాస్ రోడ్డు వచ్చింది, పోయింది. తెలియలేదు. నవ్వులు ఆగి మాటలు మొదలయ్యాయి. తెలియలేదు.

కాలనీ ముందర బస్సు ఆగింది. ముసలాయన తడుముకుంటూ రెండు వరుసలు వెనక్కు వచ్చి, ఆమె భుజం మీద వేళ్లతో తట్టాడు.

“లే మే. ఊరొచ్చె.”